మూడో సిలిండరే ఎందుకు మాడిపోయేది? పాత కార్ల ఇంజన్‌లో ఆయిల్ చేసే రెండో పని

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌ను విప్పి బాగుచేసిన పాత మెకానిక్‌లకు ఒక విషయం బాగా తెలుసు. నాలుగు సిలిండర్లలో ఒకదాని ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయిందంటే, చాలాసార్లు అది మూడో సిలిండర్‌దే అయి ఉంటుంది. నాలుగూ ఒకే కొలత, ఒకే లోహం. నాలుగింటికీ అదే పెట్రోలు, అదే ఫ్యాన్ నుంచి వచ్చే గాలి. అయినా దెబ్బ మాత్రం మూడోదానికే తగిలేది.

కారణం ఆ సిలిండర్‌లో లేదు. దానికి పైన, గాలి వచ్చే దారిలో నిలబెట్టిన చిన్న ఆయిల్ కూలర్‌లో ఉంది. ఇంజన్‌ను కాపాడటానికి పెట్టిన భాగమే ఇంజన్‌లో ఒక మూలను వేడెక్కించింది. ఇది ఎలా జరిగిందో అర్థం చేసుకుంటే ఇంజన్ ఎలా చల్లబడుతుందో అర్థమవుతుంది. పాత అంబాసిడర్, ఫియట్, బీటిల్ కార్లను ప్రేమగా కాపాడుకుంటున్నవారు తెలియక చేసే కొన్ని పొరపాట్లూ బయటపడతాయి.

వేడి లెక్క

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి విడుదలవుతుంది. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే పాత కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. గంటకు 6 లీటర్లు ఖర్చవుతుంది. అంటే ఇంజన్‌లోకి వెళ్లే శక్తి 53 కిలోవాట్ల దాకా ఉంటుంది. అందులో చక్రాలను తిప్పే పనికి వచ్చేది సుమారు నాలుగో వంతు. మిగిలిన 40 కిలోవాట్లు వేడిగానే బయటకు పోవాలి. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు 20 ఒకేసారి వెలిగించినంత వేడి ఇది.

ఇందులో సుమారు సగం పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగతా సగం సిలిండర్ గోడలకు, హెడ్డుకు, పిస్టన్లకు, వాల్వులకు పాకుతుంది. మంట వేడి క్షణకాలం 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్లు తయారయ్యే అల్యూమినియమేమో 660 డిగ్రీలకే కరిగిపోతుంది. పిస్టన్ కరగకుండా ఉందంటే, వేడి చేరినంత వేగంగా దాన్ని ఎవరో తీసుకుపోతున్నారన్నమాట.

తీసుకుపోయేవి మూడు: నీళ్లు, గాలి, ఆయిల్. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి కార్లలో ప్రధాన భారం నీళ్లది. బీటిల్‌లో అది గాలిది. ఆయిల్ మాత్రం ఏ కారులోనైనా ఉండాల్సిందే.

నీళ్లు చేరని చోటికి ఆయిల్

ఆయిల్ పని రాపిడి తగ్గించడమేనని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. నీళ్లతో చల్లబడే ఇంజన్‌లో నీటి దారులు సిలిండర్ల చుట్టూ, హెడ్డులోనూ ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల దగ్గరికి, పిస్టన్ అడుగుభాగానికి నీళ్లు వెళ్లవు. అక్కడ పుట్టే వేడిని మోసుకొచ్చేది ఆయిల్ ఒక్కటే. బేరింగు సందుల్లోంచి పిండుకుని, పిస్టన్ల కింద చిమ్మబడి, ఆ వేడినంతా తీసుకుని కింద ఉన్న ఆయిల్ చాంబర్‌లోకి జారుతుంది.

బేరింగులో పుట్టే వేడి రెండింటి మీద ఆధారపడుతుంది: ఆయిల్ చిక్కదనం, తిరిగే వేగం. వేగం రెట్టింపైతే రాపిడి వల్ల పుట్టే వేడి సుమారు నాలుగు రెట్లవుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కు చాంబర్ రేకు మీద తగిలే గాలే సరిపోవచ్చు. గంటల తరబడి జోరుగా తిరిగే ఇంజన్‌కు అది చాలదు.

ఆయిల్ మరీ వేడెక్కితే రెండు నష్టాలు. మొదటిది, అది పలచబడిపోతుంది. పాత కార్లలో ఎక్కువగా వాడే 20డబ్ల్యూ-50 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 160 సెంటీస్టోక్స్ ఉంటే, 100 డిగ్రీల దగ్గర 18కి పడిపోతుంది. 130 డిగ్రీల దగ్గర అందులోనూ సగమే మిగులుతుంది. బేరింగుకు, షాఫ్టుకు మధ్య వెంట్రుక కన్నా పలచగా ఉండే ఆయిల్ పొర తెగితే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. రెండోది, వేడికి ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో స్థూలంగా వాడే లెక్క. వంటింట్లో పదేపదే కాచిన నూనె నల్లబడి జిగురెక్కినట్టే ఇదీ.

ఆయిల్ కూలర్ ఎంత వేడి తీస్తుంది?

ఆయిల్ కూలర్ చూడటానికి చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. సన్నని గొట్టాల్లో ఆయిల్ పారుతుంది, వాటికి అతికించిన పలచని రేకుల మధ్య గాలి వీస్తుంది.

పంపు నిమిషానికి 10 లీటర్ల ఆయిల్‌ను కూలర్‌లోకి పంపుతోందనుకుందాం. అది సుమారు 8.5 కిలోలు. ఒక కిలో ఆయిల్ ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 2.1 కిలోజౌళ్లు వదులుతుంది. కూలర్‌లో అది 15 డిగ్రీలు చల్లబడితే గాలికి చేరే వేడి సుమారు 4.5 కిలోవాట్లు. రెండు గీజర్లకు మించిన వేడి అరచేయి రెండింతలంత పెట్టెలోంచి బయటపడుతుందన్నమాట.

ఈ వేడిని మోయడానికి ఎంత గాలి కావాలి? గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే సెకనుకు సుమారు 200 లీటర్లు. గాలి చాలా పలచనిది. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడిని తీసుకోవాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి కావాలి. గాలి తగిలే వైపు అన్ని రేకులు పెట్టి వైశాల్యం పెంచేది అందుకే.

ఆయిల్ వైపు కూడా ఒక చిక్కుంది. పళ్లెంలో పోసిన రాగిజావ అంచుల్లో చల్లారినా మధ్యలో నోరు కాలేంత వేడిగా ఉంటుంది. చిక్కటి ద్రవం తనలో తాను సులువుగా కలవదు. కూలర్ గొట్టంలోనూ అంతే. గోడను తాకిన ఆయిల్ చల్లబడి మరింత చిక్కబడి అక్కడే నెమ్మదిస్తుంది. మధ్యలోని వేడి ఆయిల్ గోడను తాకకుండానే బయటకు జారిపోతుంది. నీటితో పోలిస్తే ఆయిల్ వేడిని ప్రసరింపజేసే గుణం నాలుగో వంతే కావడం దీనికి తోడు. అందుకే మంచి కూలర్ల గొట్టాల లోపల ఆయిల్‌ను మెలితిప్పి కలియబెట్టే మడతరేకులు అమరుస్తారు.

బీటిల్‌లో జరిగిన పొరపాటు, దిద్దుబాటు

ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పనలో 1938 నాటికి రూపు దిద్దుకున్న బీటిల్‌లో ఇంజన్ వెనుక ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఒక రేకు పెట్టెలోకి గాలిని ఊదుతుంది. ఆ గాలి రెండుగా చీలి అటు రెండు, ఇటు రెండు సిలిండర్ల మీదుగా కిందికి దిగుతుంది. 1,600 సీసీ ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు ఈ ఫ్యాన్ సెకనుకు 500 లీటర్లకు పైగా గాలి తోలుతుంది.

ఇంజన్‌లో పట్టే ఆయిల్ రెండున్నర లీటర్లే. ఇంత తక్కువ ఆయిల్ మీద అంత భారం ఉంటే కూలర్ తప్పనిసరి. ఇంజినీర్లు దాన్ని ఫ్యాన్ పెట్టెలోనే, ఎడమవైపు, మూడో సిలిండర్‌కు ఎదురుగా నిలబెట్టారు. విడిగా గొట్టాలు అక్కర్లేదు, విడిగా ఫ్యాన్ అక్కర్లేదు. చౌకైన, తేలికైన పరిష్కారం.

కానీ మూడో సిలిండర్‌కు చేరాల్సిన గాలికి ఇప్పుడు రెండు అడ్డంకులు. కూలర్ రేకుల మధ్య నలిగి రావాలి కాబట్టి గాలి తగ్గింది. వచ్చిన గాలి కూడా కూలర్ వేడిని మోసుకుని వచ్చింది. మిగతా సిలిండర్లకు చల్లగాలి అందుతుంటే, మూడోదానికి ముందే వాడేసిన గాలి అందింది.

ఆ దెబ్బ మొదట ఎగ్జాస్ట్ వాల్వ్‌కు తగులుతుంది. మండిన వాయువులన్నీ దాని పక్కనుంచే పోతాయి. అది చల్లబడే ముఖ్యమైన దారి, మూసుకున్నప్పుడు తన సీటును గట్టిగా ఆనుకోవడమే. మితిమీరిన వేడికి వాల్వ్ కాడ సాగితే, వాల్వ్ క్లియరెన్స్ మూసుకుపోతుంది. అప్పుడు వాల్వ్ సీటు మీద సరిగా కూర్చోదు. కూర్చోకపోతే వేడి దిగదు. వేడి దిగకపోతే ఇంకా సాగుతుంది. చివరికి వాల్వ్ తల తెగి పిస్టన్ మీద పడితే ఇంజన్ అక్కడికక్కడే ముగిసిపోతుంది.

కంపెనీకి ఈ సంగతి తెలుసు. కొన్నేళ్లపాటు పైపై ఉపాయం వాడింది. కొన్ని ఇంజన్ల డిస్ట్రిబ్యూటర్‌ను మూడో సిలిండర్‌కు మాత్రం కొద్ది డిగ్రీలు ఆలస్యంగా స్పార్క్ ఇచ్చేలా తయారుచేశారు. సిలిండర్‌లో గరిష్ఠ పీడనం, దాంతోపాటు హెడ్డు మీద పడే వేడి కొంత తగ్గాయి. జబ్బు మాత్రం అలాగే ఉంది.

అసలు మందు 1971 మోడల్‌తో వచ్చింది. కూలర్‌ను సిలిండర్ దారిలోంచి పక్కకు జరిపి, ఫ్యాన్ పెట్టెకు ఆనించిన మరో చిన్న రేకు గదిలో పెట్టారు. కూలర్ గుండా పోయిన వేడిగాలి సిలిండర్ వైపు రాకుండా వేరే దారిన బయటకు పోయేలా తూము అమర్చారు. ఫ్యాన్‌నూ కాస్త వెడల్పు చేశారు. చూడటానికి కుక్కగూడులా ఉండటంతో ఆ అమరికకు డాగ్‌హౌస్ అన్న పేరు స్థిరపడింది. వేడిని ఇంజన్ నుంచి తీసేసినంత మాత్రాన సరిపోదని, దాన్ని మళ్లీ ఇంజన్‌కు తగలని చోట వదలాలని ఈ చిన్న మార్పు చూపించింది. బీటిల్ ఉత్పత్తి 2003లో మెక్సికోలో ఆగిపోయేదాకా 2.1 కోట్లకు పైగా కార్లు తయారయ్యాయి.

ఒకే కుటుంబం, రెండు కార్లు

ఆయిల్ కూలర్ ఉంటే మంచిదే కదా, మరి అంబాసిడర్‌కు ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు అంబాసిడర్ బంధువులోనే దొరుకుతుంది.

దశాబ్దాలపాటు అంబాసిడర్‌ను నడిపిన 1,489 సీసీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ కుటుంబానికి చెందింది. 1962లో వచ్చిన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులోని 1,798 సీసీ ఇంజన్‌దీ అదే కుటుంబం. అంబాసిడర్‌కు ఆయిల్ కూలర్ లేదు. ఎంజీబీకి 1964లో ఐదు బేరింగుల క్రాంక్‌షాఫ్ట్ వచ్చినప్పటి నుంచి అది తప్పనిసరి భాగమైంది.

చల్లని ఇంగ్లండ్‌లో తిరిగే కారుకు కూలర్, మండే ఎండల్లో తిరిగే కారుకు లేకపోవడం మొదట విడ్డూరంగా తోస్తుంది. తేడా ఇంజన్ పడే శ్రమలో ఉంది. ఎంజీబీ నిమిషానికి 5,400 చుట్ల దగ్గర 95 హార్స్‌పవర్ ఇచ్చేది. అంబాసిడర్ అందులో సుమారు సగం శక్తితో, తక్కువ చుట్లతో నెమ్మదిగా సాగేది. రాపిడి వేడి చుట్ల వేగానికి వర్గంగా పెరుగుతుందన్న లెక్క ఇక్కడ పనిచేస్తుంది. ఆయిల్ వేడిని ముందుగా నిర్ణయించేది ఇంజన్ ఎంత జోరుగా, ఎంతసేపు పనిచేస్తుందన్నదే. వాతావరణం ఆ తర్వాత వస్తుంది.

పోర్షే 911 ఈ వరుసలో మరో కొస. 1964 నుంచి 1998 దాకా దాని ఇంజన్‌ను గాలితో చల్లబరిచారు. ఆయిల్‌ను వేరే ట్యాంకులో నిల్వచేసి, బీటిల్‌కు మూడు నాలుగు రెట్లు ఆయిల్ వాడారు. వేడి మోయడంలో ఆయిల్‌కు అంత వాటా ఉంది కాబట్టే, దాన్ని ఆయిల్‌తో చల్లబడే ఇంజన్ అన్నా తప్పులేదు.

రెంటచింతల ఎండలో ఏమవుతుంది?

వాతావరణం రెండో స్థానంలో ఉన్నా చిన్న విషయమేమీ కాదు. కూలర్ వదిలే వేడి, ఆయిల్‌కు గాలికి మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాకు అనులోమంగా ఉంటుంది. ఆయిల్ 110 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. గాలి 15 డిగ్రీలుంటే తేడా 95. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గాలి 45 డిగ్రీలుంటే తేడా 65. అదే కూలర్, అదే ఫ్యాన్ చేయగల పని దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. వేడిగాలి పలచన కూడా. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతం తక్కువ.

ఘాట్ రోడ్డు మీద ఇంకో కష్టం కలుస్తుంది. తిరుమల, శ్రీశైలం, అరకు దారుల్లో కారు తక్కువ గేరులో భారంగా ఎక్కుతుంది. ఇంజన్ పడే శ్రమ ఎక్కువ, ఎదురుగా వచ్చే గాలి తక్కువ. నీళ్లతో చల్లబడే కార్లలో మరిగే ఉష్ణోగ్రతను పెంచడానికే రేడియేటర్ మూతలో స్ప్రింగు వాల్వ్ ఉంటుంది. లోపల పీడనం వాతావరణం కన్నా అర బార్ ఎక్కువైతే నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు. ఈ స్ప్రింగు నీరసపడితే మంచి రేడియేటర్ ఉన్నా పొంగు తప్పదు. పొంగుతున్నప్పుడు మూత తిప్పితే పీడనం ఒక్కసారిగా పోయి, 100 డిగ్రీలు దాటిన నీళ్లు ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజన్ చల్లారేదాకా ఆ మూత ముట్టుకోకూడదు.

మరీ చల్లబడినా ముప్పే

ఇదంతా విని పెద్ద ఆయిల్ కూలర్ బిగించి, థర్మోస్టాట్ పీకేస్తే గొడవ వదులుతుందనిపిస్తుంది. ఎండాకాలంలో థర్మోస్టాట్ తీసేయించుకోవడం మన గ్యారేజీల్లో చాలాకాలంగా ఉన్న అలవాటే. పాత ఇంజన్లను నిశ్శబ్దంగా అరగదీసే అలవాట్లలో ఇదొకటి.

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు ఆవిరి రూపంలో పుడతాయి. అందులో కొద్ది భాగం పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్ చాంబర్‌లోకి చేరుతుంది. మండని పెట్రోలూ కొంత చేరుతుంది. ఆయిల్ 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇవి ఆవిరై గాలిగొట్టం గుండా బయటపడతాయి. ఆయిల్ 50, 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతే నీళ్లు అందులోనే ఉండిపోతాయి. ఆయిల్ మూత లోపలివైపు మీగడలాంటి పసుపు జిగురు కనిపిస్తే అది ఈ కథే. నీళ్లతో పుట్టే ఆమ్లాలు బేరింగులను తింటాయి. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి సందుల్లోకి త్వరగా చేరదు కూడా.

బీటిల్ ఇంజినీర్లు ఈ రెండో ముప్పునూ లెక్కలోకి తీసుకున్నారు. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు పంపు దగ్గర పీడనం పెరుగుతుంది. ఆ పీడనమే ఒక స్ప్రింగు వాల్వ్‌ను నెట్టి, ఆయిల్ కూలర్‌లోకి వెళ్లకుండా నేరుగా బేరింగులకు పోయే దారి తెరుస్తుంది. వేడెక్కి పలచబడగానే వాల్వ్ మూసుకుని ఆయిల్ కూలర్ దారి పడుతుంది. ఆయిల్ చిక్కదనమే ఇక్కడ థర్మోస్టాట్ పని చేస్తుంది.

గాలి వైపు కూడా సిలిండర్ల కింద ముడతల తిత్తిలాంటి థర్మోస్టాట్ ఉంటుంది. అక్కడి గాలి 65 నుంచి 70 డిగ్రీలకు చేరగానే అది సాగి, గాలిని అడ్డుకునే రేకు తలుపులను తెరుస్తుంది. ఆ తిత్తికి చిల్లు పడితే అది సాగిన స్థితిలోనే ఉండిపోతుంది, తలుపులు తెరిచే ఉంటాయి. ఇంజన్ ఆలస్యంగా వేడెక్కుతుందే తప్ప మాడిపోదు. పాడైనా ప్రమాదం తగ్గే వైపే పాడయ్యేలా రూపొందించడం మంచి ఇంజినీరింగ్ లక్షణం.

పాత కారు ఉన్నవారు చూసుకోవాల్సినవి

మొదట కొలవాలి. ఆయిల్ ఉష్ణోగ్రత మీటర్ లేకుండా కూలర్ అవసరమో కాదో తేల్చలేం. దూర ప్రయాణంలో ఆయిల్ 80 నుంచి 110 మధ్య నిలకడగా ఉంటే కొత్త కూలర్ అక్కర్లేదు. తరచూ 120 దాటుతుంటే ముందు ఇగ్నిషన్ టైమింగ్, పెట్రోలు-గాలి మిశ్రమం, పేరుకున్న మట్టి, వదులైన ఫ్యాన్ బెల్టు చూడాలి. ఈ లోపాలుండగా కూలర్ పెట్టడం జ్వరానికి తడిగుడ్డ వేసి జబ్బును వదిలేసినట్టు.

బీటిల్ యజమానులు ఇంజన్ చుట్టూ ఉన్న రేకులను, రబ్బరు అంచులను అలంకారమనుకుని తీసేయకూడదు. పైనున్న చల్లగాలిని, కిందికి దిగిన వేడిగాలిని వేరుచేసే గోడ అదే. అది లేకపోతే ఫ్యాన్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది.

అదనపు కూలర్ నిజంగా అవసరమైతే, ఆయిల్ సుమారు 80 డిగ్రీలు దాటాకే కూలర్ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వ్‌తో పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. రేడియేటర్ ముందు పెద్ద కూలర్ బిగిస్తే 45 డిగ్రీల గాలి రేడియేటర్‌ను చేరేసరికి 65 కావచ్చు. 90 డిగ్రీల నీళ్లున్న రేడియేటర్‌కు 45 డిగ్రీల తేడా దక్కాల్సిన చోట 25 మాత్రమే మిగులుతుంది. ఆయిల్ చల్లబడుతుంది, నీళ్లు పొంగుతాయి. మూడో సిలిండర్ కథ మళ్లీ మొదలవుతుంది.

పాత ఇంజన్ల విడిభాగాలు ఏటికేడు అరుదవుతున్నాయి. ఒకసారి మాడిన హెడ్డుకో, వేడికి వంగిన క్రాంక్‌కేసుకో బదులు దొరకడం కష్టం. కొత్త భాగం ఏదైనా బిగించే ముందు గాలి ఎక్కడినుంచి వస్తోంది, దేన్ని తాకి వస్తోంది, ఎక్కడికి పోతోందని ఒకసారి వేలు పెట్టి దారి చూసుకుంటే చాలా ఇంజన్లు బతుకుతాయి.